బఘ్వా ఎందుకు తినలేదు

ఆ కుక్కకు తిండి అక్కర్లేదా? ఈ సందేహం నన్ను నాలుగు రోజులు పట్టి పీడించింది. నాకెందుకులే అనుకోవచ్చు. కానీ గోడ అవతల ఏం జరుగుతోందో తెలియకపోతే నాకు అన్నం సయించదు.

నేను పరాయి రాష్ట్రంలో, సిల్తారా అనే ఫ్యాక్టరీల ఊళ్లో బట్టలు కుట్టుకుని బతుకుతాను. మా పక్క గదిలో అచ్చయ్య ఉండేవాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇనుము ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. భార్య పురిటికి పుట్టింటికి వెళ్తే, తొమ్మిదేళ్ల కూతురు బిందుమాధవి తండ్రి దగ్గర ఉండిపోయింది. 2009 వేసవి సెలవుల్లో, అభన్‌పూర్ వైపు ఉండే, వేట మానేసిన సుఖ్‌రామ్ అనే ముసలాయన ఇక సాకలేక తన కుక్కను అచ్చయ్యకిచ్చాడు. పేరు బఘ్వా. అక్కడి మాటలో పులి అని. ఈ పులికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వచ్చిన గంటలోనే బిందు వెంట పడి తిరగసాగింది.

అచ్చయ్య పొద్దున్నే డబ్బాలో అన్నం పెట్టి, "సగం నువ్వు తిను, సగం దానికెయ్యి" అని చెప్పి డ్యూటీకి పోయేవాడు. మధ్యాహ్నం బిందు పళ్లెం పెడితే బఘ్వా ఆ పిల్ల చెయ్యి వాసన చూసి ముఖం తిప్పుకునేది. చొంగ కారుతుంటుంది, మూతి మాత్రం పెట్టదు! సాయంత్రానికి ఆ అన్నం వీధి ఆవుకే పోయేది. రాత్రి తండ్రీకూతుళ్లు తిని చేతులు కడుక్కుని వేసినా అంతే.

"జబ్బు కుక్కని అంటగట్టీసినాడు పిన్నమ్మా," అన్నాడు అచ్చయ్య నాతో. "ఆదివారం అట్టుకుపొమ్మని కబురెట్టినాను."

ఆ మాట విని బిందు బఘ్వా మెడ కావలించుకుని ఏడ్చింది.

ఆదివారం సుఖ్‌రామ్ తాడు పట్టుకుని వచ్చాడు. మిషను ముందు నాకు కాలు నిలవలేదు, వెళ్లాను. సంగతంతా విని ముసలాయన నవ్వాడు. అడవిలో వేటగాడు తినకుండా కుక్క ముట్టకూడదట. చిన్నప్పటి నుంచి అలాగే నేర్పాడట. తనవాళ్ల చేతికి తిండి వాసన ఉంటేనే అది తింటుందట.

ఎంగిలి చేత్తో కుక్క దగ్గరికి పోకు, సబ్బుతో కడుక్కో అని రోజూ ఆ పిల్లను కసిరింది నేనే!

"నా నోరు పడిపోనూ! ఒసే గుంటా, ఈవేళ చెయ్యి కడక్కుండా రా," అన్నాను.

బిందు కదల్లేదు.

"కడగడానికి నాను తింటే కదా మామ్మా," అంది తల వంచుకుని. "సగం అన్నం దానికి సాలదు. అది తిని వదిలింది తిందామని సూసినాను. తింటాది తింటాది అని ఉంచితే పులిసిపోయింది."

నాలుగు రోజులు పగలంతా కుక్క కోసం ఆ పిల్ల, పిల్ల కోసం ఆ కుక్క పస్తున్నాయి. గోడకు చెవి ఆనించి కూర్చునే నాకు ఆ సంగతి తెలియలేదు. సిగ్గేసింది.

అచ్చయ్య లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాడు. పప్పన్నం కలిపి కూతురి ముందు పెట్టాడు. బిందు నాలుగు ముద్దలు తిని చెయ్యి చాపింది. బఘ్వా వేళ్లు వాసన చూసి, నాకి, పళ్లెంలో మూతి పెట్టింది. సుఖ్‌రామ్ తాడు చుట్ట చుట్టుకుని బస్సెక్కాడు.

బఘ్వా మరో ఏడేళ్లు బతికింది. బిందు ఇప్పుడు దగ్గర్లోనే మోవాలో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. సాయంత్రం ఇంటికి రాగానే అచ్చయ్య, తిన్నావా అని అడగడు. కూతురి చెయ్యి పట్టుకుని వాసన చూస్తాడు.