వాలు లేని గ్రీన్

కరోనా సద్దుమణిగిన ఏడాది, ఉండి అనే ఊరి దగ్గర నుంచి రామరాజు గారు ఫోన్ చేశారు. నేను తాడేపల్లిగూడెంలో సివిల్ ఇంజనీర్ని. ఆదివారాలు గోల్ఫ్ ఆడతాను, ఎవరైనా అడిగితే ఆ ఆట మైదానాలకి, అంటే కోర్సులకి, ప్లాన్లు గీస్తాను. ఈ డెల్టాలో అడిగేదెవరంటారా? అందుకే ఎగిరి గంతేసి వెళ్ళాను.

ఇంటి పక్కన చేపల చెరువు, దాన్ని ఆనుకుని కొంత మెరక. అక్కడే చిన్న కోర్సు వెయ్యాలన్నారు. రాజు గారు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆట నేర్చుకున్నారట. ఆయన ఆడుతుంటే భార్య సత్యవతమ్మ గారు కబుర్లు చెబుతూ కోర్సంతా వెంట నడిచేవారట. పక్షవాతం వచ్చి కోలుకున్నాక ఆవిడ ఒకసారి పెరట్లో పడ్డారు. అప్పటినుంచి అరుగు దిగలేదు.

"ఆట సంగతి ఎలా ఉన్నా పర్లేదండీ. ఆవిడ మళ్ళీ నా పక్కన నడవాలండీ," అన్నారు. 

అరుగు ముందు నుంచి చెరువు దాకా ఎత్తుపల్లాలతో అందంగా గీశాను. బంతిని గుంతలో వేసే నున్నటి గడ్డి చోటుని గ్రీన్ అంటారు. దానికి వాలు ఉంటేనే ఆట రక్తి కడుతుంది. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మట్టి పనికి పెట్టిన ట్రాక్టర్ వెంకన్న మొత్తం చదును చేసి, రోలర్ తిప్పి, చుట్టూ గట్టు కూడా వేసేశాడు!

"ఇది వరిచేననుకున్నావా వెంకన్నా?"

"మెరకా పల్లం వదిలేస్తే ఊళ్ళో నవ్వుతారండి. నా పనికి పేరు పోద్దండి."

నాకు ఒళ్ళు మండింది. అంతా తవ్వి మళ్ళీ చెయ్యమని అరిచాను.

"ఎందుకండీ పాపం అతన్ని అలా కేకలేస్తారు?"

వెనక్కి తిరిగితే సత్యవతమ్మ గారు. చేతికర్రతో అరుగు దిగి, ఆ చదును మీద సగం దూరం వచ్చేశారు.  నా పక్కనున్న రాజు గారి కళ్ళు నిండిపోయాయి.

"ఏవండీ, ఇక్కడ కాలు తడబడట్లేదండీ," అన్నారావిడ ఆశ్చర్యంగా.

నా కాగితం మీది వాలు ఆవిడని జన్మలో అరుగు దిగనిచ్చేది కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"వెంకన్నా, గట్టు ఒక్కటీ తీసెయ్. అమ్మగారి కాలికి తగులుద్ది," అన్నాను.

బల్లపరుపు గ్రీనేమిటని తోటి ఆటగాళ్ళు ఇప్పటికీ ఏడిపిస్తారు. ఏడిపించనీండి. ఇప్పుడు ఎవరు పిలిచినా, అక్కడ నడిచేదెవరో కనుక్కున్నాకే పెన్సిల్ పట్టుకుంటాను. ఆ రోజు రాజు గారి పక్కన చెరువు దాకా నడిచొచ్చి ఆయాసపడుతూనే ఆవిడ అడిగారు, "ఏవండీ, ఇంకోసారి వెళ్దామా?"