వీధి గుమ్మానికి వచ్చిన కబురు

నిన్న మెడలో కార్డు వేలాడేసుకున్న మనిషొకడు గ్యాస్ పొయ్యి చూడాలని మా తలుపు కొట్టాడు. కోడలు నవ్వుతూ గడియ మీద చెయ్యి వేసింది. "ఆగు!" అని నేనంత గట్టిగా ఎందుకు అరిచానో ఆ పిల్లకు అర్థం కాలేదు. అతను నిజంగా గ్యాస్ మనిషే, పాపం, బిత్తరపోయాడు.

యాభైల చివరి మాట. విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున మా పల్లె. మా జేజి, అంటే నాయన తల్లి, అనుమానాల పుట్ట. గాజులమ్మే మనిషిని సైతం ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి అడిగి, ఆఖరికి ఒక్క గాజూ కొనకుండా పంపించేది. ఆ ఏడు మేనత్త పెళ్లికి చేయించిన నగలు అటక మీద బియ్యపు కుండలో ఉన్నాయి. పక్క పల్లెలో ఒక ఇల్లాలు దాహమన్నవాడికి తలుపు తీసి ఒంటి మీది బంగారమంతా పోగొట్టుకుందని అప్పుడే తెలిసింది. అందుకని మా ఇంట్లో పట్టపగలు కూడా గడియే.

నాయనా వాళ్లు తెప్ప మీద, దక్షిణాన కోట అనే ఊరి వైపు చేపల వేటకు పోయి, ఆ సాయంత్రం రావాలి. మేనత్తతో సహా పల్లెలో ఆడవాళ్లంతా ఎండుచేపల గంపలెత్తుకుని సంతకు పోయారు. ఇంట్లో ఉన్నది అమ్మా, జేజీ, నేనూ. ఎండ మాడుస్తున్న వేళ వీధి తలుపు దబదబా మోగింది.

"నీ మొగుడి తెప్ప తిరగబడిందమ్మా! తలకు దెబ్బ తగిలింది. కోట ఆస్పత్రిలో వేసినాం. తలుపు తియ్యి, తొందరగా బయల్దేరు." బయట ఎవరిదో మగ గొంతు. నాయన పేరు కూడా చెప్పాడు.

అమ్మ ఒక్క ఉదుటున లేచింది. అంతకంటే ముందే జేజి తలుపుకు వీపు ఆనించి కూలబడింది.

"కూచో మే. సముద్రం మీది కీడు కబురు వీధి గుమ్మానికి రాదు."

అది మా పల్లె వాడుక. అలాంటి కబురు తెచ్చేవాళ్లు తడిబట్టలతోనే, సముద్రం వైపున్న పెరటి గుమ్మానికి వస్తారు. ఒక్కడే రాడు, తెప్ప మీద వెంట పోయినవాళ్లంతా వస్తారు.

"కోటోళ్లకు మన వాడుకేం తెలుసత్తా? ఆయన ప్రాణం పోతే?" అమ్మ గడియకు చెయ్యి చాచింది. జేజి ఆ చెయ్యి తోసేసింది. తలుపు తీశాక అబద్ధమైతే నగలూ, మా ముగ్గురి ప్రాణాలూ పోతాయి. తియ్యకుండా నిజమైతే నాయన. నాకు ఏడుపు కూడా రాలేదు.

"అయ్యా, సంత నించి మావాళ్లు వస్తే కలిసి వస్తాం. అందాకా అరుగు మీద కూచో," అంది జేజి.

"అందాకా ఉంటాడా ఆయన? నువ్వు తల్లివేనా, ముసిల్దానా!"

భుజంతో కాబోలు, గట్టిగా తోశాడు. పైనుంచి దుమ్ము రాలింది. జేజి కదల్లేదు. కాసేపటికి బయట చప్పుడు ఆగిపోయింది. చప్పుడు కంటే అదే ఎక్కువ భయమేసింది.

ఆ తర్వాత అమ్మ జేజి మొహం చూడలేదు. పొద్దు వాలి, సంత నించి మావాళ్లు వచ్చాక ముగ్గురం ఒడ్డున నిలబడ్డాం. నాయన అలల్లోకి దూకి, తెప్ప లాగుతూ, ఎప్పటిలాగే ఎవరినో తిడుతూ వచ్చాడు. తల చెక్కు చెదరలేదు. అమ్మ నీళ్లలోకి పరిగెత్తింది.

"జేజీ, వాడిది అబద్ధమని నీకు ముందే తెలుసు కదా?" అన్నాను.

జేజి తడి ఇసుకలో అలాగే కూలబడింది. "నాకేం తెలుసు పాపా? ఆ తెప్ప మీద ఉండేది నా కొడుకు గదా," అని గుండెలవిసేలా ఏడ్చింది.

ఇప్పుడు నేను జేజి వయసు కూడా దాటాను. ఆ మధ్యాహ్నం మాత్రం నాలో ఇంకా సాయంత్రం కాలేదు.