అంచు దగ్గర వేడి

పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మొన్న పక్కింట్లో ఎవరో ఇస్త్రీ చేస్తూ ఏమరినట్టున్నారు, ఆ వాసన మా వంటింటి దాకా వచ్చింది. పొయ్యి మీద పాల సంగతి మరిచిపోయి నిలబడిపోయాను. వనపర్తిలో నాకు ఫిజిక్స్ చెప్పిన రుక్మిణి మేడం గుర్తొచ్చింది.

మేడంది గద్వాలలో మగ్గాల ఇల్లు. నా డిగ్రీ చివరి యేడు, అంతరిక్షం నుంచి తిరిగొస్తున్న నౌక ఒకటి ఆకాశంలోనే ముక్కలైంది. రెక్క ముందంచుకు పడిన బొక్కలోంచి వేడి లోపలికి దూరిందని చదివి, ఆ వేడి లెక్కలే నేర్చుకోవాలని పట్టుబట్టాను. బిజినేపల్లిలో మా నాన్నది ఒకటే మాట. "గీ ఒక్కసారే. సీటు రాకుంటే బీఈడీ చెయ్యాలె." ఆ పైచదువు సీటుకు ఇంటర్వ్యూ మర్నాడనగా, కట్టుకోమని మేడం తన గద్వాల చీర ఇచ్చింది.

ఆ సాయంత్రం కరెంటు లేదు. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఆమె గదిలోనే చీర రుద్దుతున్నాను. మేడం పక్కన కూర్చుని ఇంటర్వ్యూ కోసం నేను వేసిన రెక్క వేడి లెక్క చూస్తోంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. వాళ్లింట్లో పెట్టె ఇంకా గోరువెచ్చగా ఉండగానే ముందు అంచు రుద్దుతారట. అది తెలియక నేను నూలు మీంచి అదే ఊపులో అంచు మీదికి పోయాను. కమిలిన వాసన గుప్పుమంది.

"వేడెక్కువైంది మేడం," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"నూలు మీద గూడ గదే వేడి గదా, నూలుకేమన్న అయిందా?"

"ఏం కాలే."

"మరి? నీ లెక్కల గూడ గిట్లనే చేసినవ్. రెక్కంతా ఒక్కటే సరుకు అనుకున్నవ్. అంచు ఏడ మొదలైతదో, లోపలి అల్యూమినియానికి ఏడ అతుకుతదో చూడలే. జర ఏడుపు ఆపి మళ్ల చెయ్."

కాలిన కొస లోపలి చుట్టులోకి పోయేలా తెల్లారి ఆ చీర నాకు తనే కట్టింది. ఇంటర్వ్యూలో, రెక్కలో ముందు ఎక్కడ చూస్తావని అడిగారు. అతుకు దగ్గర అన్నాను. ఎందుకని అడిగితే పావుగంట ఆగకుండా చెప్పాను. సీటు వచ్చింది.

చీర తిరిగివ్వబోతే మేడం తీసుకోలేదు. ఇప్పుడామె లేదు. నా ఉద్యోగం మాత్రం ఆ లెక్కలే. కొత్తగా చేరిన పిల్లలు రెక్కంతటికీ ఒకే వేడి రాసుకొస్తే "అంచు ఏడ మొదలైతది?" అంటాను. ఆ యాసకు వాళ్లు నవ్వుతారు, నాకేమో ఆమె పక్కన నిలబడినట్టుంటుంది. చీరలో కాలిన చోట రఫూ చేయించమని మా ఆయన పోరుతూనే ఉంటాడు. చేయించను. అది నాకలాగే కావాలి.