కింద తెలుగు రాసుకోకండి

మా కంపెనీలో ప్రాజెక్టు లేనివాణ్ణి బెంచి మీద ఉన్నాడంటారు. నిజానికి అక్కడ బెంచీ ఏదీ ఉండదు. కోకాపేట టవర్లో ఏసీ కింద మెత్తటి కుర్చీ ఉంటుంది. అందులో కూర్చుని జీతం తీసుకుంటూ, ఎప్పుడు వెళ్లగొడతారా అని వణుకుతూ ఉండాలి. నలభై దాటిన నేను ఆ కుర్చీలో ఉండగా జపాన్ ప్రాజెక్టు వస్తోందని కబురొచ్చింది.

"అన్నా, జర జపనీస్ చదవనీకె నేర్చుకో. క్లయింట్ ఇంటర్వ్యూ పెడతడు. పాసైతే ఫికర్ లేదు. లేకుంటే ఇగ నేను జేసేదేం లేదు" అన్నాడు నాకంటే చిన్నవాడైన మా మేనేజరు. భాషంటే ఆయన దృష్టిలో ఇంకో సాఫ్ట్‌వేర్. ఎక్కించుకుంటే పనిచేస్తుంది.

జపాన్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసొచ్చిన భీమవరం మేడం బెంచి మీదున్న మా అందరికీ పాఠం చెప్పేవారు. మొదటిరోజే, "మిమ్మల్ని ఒక్కటే బతిమాలుకుంటున్నానండి, అక్షరాల కింద తెలుగు రాసుకోకండి. రాసుకున్నారా, కళ్లు కిందికే పోతాయండి" అన్నారు. అందరం బుద్ధిగా తలలూపాం. ఆవిడ బోర్డు వైపు తిరగ్గానే కింద తెలుగు రాసుకున్నాం. ఎక్కాల నుంచి ఎంసెట్ దాకా బట్టీతో గట్టెక్కినవాళ్లం, ఇప్పుడు కొత్తగా బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది?

'మె', 'ను' అనే రెండక్షరాలు నాకు నరకం చూపించాయి. రెండూ ఒకేలా ఉంటాయి, 'ను'కి మాత్రం తోక చివర చిన్న మెలిక. ప, వ తేడా తెలియక ఒకటో తరగతిలో తిన్న దెబ్బలు గుర్తొచ్చాయి. ఇంట్లో రాస్తూ కూర్చుంటే మా ఆవిడ తొంగిచూసి, "ఏంది, గిట్ల కోడి కెలికినట్టు రాస్తున్నవ్?" అంది. కోడికి ఉద్యోగం ఊడుతుందన్న భయం లేదన్నాను.

చదవాల్సిన పేజీని క్లయింటువాళ్లు మర్యాదగా ముందే పంపారు. నేను ప్రతి అక్షరం కిందా తెలుగు రాసేసి అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఇంటర్వ్యూ రోజున తెరమీద ఒక పెద్దాయన, నా పక్కన మేనేజరు. గడగడా చదివేశాను. మేనేజరు బొటనవేలు పైకెత్తాడు.

"ఆ పేజీ ఒకసారి కెమెరాకు చూపిస్తారా?" అన్నాడు పెద్దాయన ఇంగ్లిషులో, నెమ్మదిగా. సంబరంలో ఒళ్లు మరిచి చూపించాను.

"కింద ఆ గుండ్రటి అక్షరాలేమిటి?"

"మా భాషండీ" అన్నాను నీళ్లు నములుతూ.

"చాలా అందంగా ఉన్నాయి. ఇప్పుడు అవి లేకుండా చదవండి" అంటూ తెరమీద కింద ఏమీ రాయని అదే పేజీ పెట్టాడు.

బట్టీ పట్టిందంతా గాలికి పోయింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వెళ్లి, కుక్క అనే మాటలో 'ఇ' అని, తర్వాతి అక్షరం దగ్గర ఆగిపోయాను. అది 'మె'నో 'ను'నో తేలలేదు. మేనేజరు గడియారం చూసుకున్నాడు, కుర్చీలో కదిలాడు, దగ్గాడు. పెద్దాయన మాత్రం చేతులు ఒడిలో పెట్టుకుని, నాకు ఆ మెలిక కనబడేదాకా కదలకుండా కూర్చున్నాడు. చివరికి కనబడింది. "ఇను" అన్నాను. ఆయన తలవంచి నమస్కరించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకోసం ఇంతసేపు ఆగిన మనిషి లేడు. నేనూ తలవంచి నమస్కరించాను.

మర్నాడు మేనేజరు పిలిచి వాళ్ల మెయిల్ చదివి వినిపించాడు. ఈయన నిదానస్థుడు, అయినా చివరికి తనే చదివాడు, బాగా నేర్చుకోనివ్వండి, మూడు నెలలు ఆగుతాం అని రాశారు.

"మంచిదే కదా!" అన్నాను.

"ఏం మంచిదన్నా? వాళ్లు ఆగుతరు. మనోళ్లు ఆగాలె గదా" అన్నాడు, నా ముఖం చూడకుండా. నన్ను శుక్రవారం ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ తీసుకుని హెచ్ఆర్ దగ్గరికి రమ్మన్నారట.