పందెపు కాళ్లు

మొన్న ఒక పెళ్లికని నంద్యాలకు పోయి, తెల్లవారుజామున నిద్రపట్టక ఆటస్థలం వైపు నడిచాను. నలుగురైదుగురు ఆడపిల్లలు ట్రాక్ మీద పరుగెడుతున్నారు. అందులో ఒక పిల్ల మోకాలి కింద ఎముక నొప్పిగా ఉందని ఆగిపోతే, కోచ్ ఆమెను కూర్చోబెట్టి ఐసు పెట్టించి, ఎక్స్‌రే తీయించేదాకా గ్రౌండులో అడుగు పెట్టవద్దని పంపించేశాడు. వాళ్ల నాన్న ఆ పిల్ల బూట్లు తానే పట్టుకుని, స్కూటర్ ఎక్కించుకుని తీసుకుపోయాడు. చూసి సంతోషించవలసిన సంగతే. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి, మా నాయన గురించి చెప్పాలంటే ముందు ఎద్దుల గురించి చెప్పాలి.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. నా ఈడు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మా వైపు తిరునాళ్లంటే దేవుడి కంటే ముందు బండలాగుడు పోటీలే గుర్తొస్తాయి. నాయన ఆ పోటీలకు ఎద్దులను మేపేవాడు. పండక్కి మాకు కొత్త బట్టలు లేకపోయినా వాటికి ఉలవలు ఉడకాల్సిందే. అంత ప్రేమగా మేపిన ఎద్దయినా సరే, కుంటితే మాత్రం వారం తిరక్కుండా సంతకు తోలేసి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తినేవాడు. ఒక ఏడు జతకు జత రోగమొచ్చి చచ్చిపోయాయి. మళ్లీ కొనే తాహతు లేక ఆయన పిచ్చిపట్టినవాడిలా తిరుగుతున్న రోజుల్లోనే, హైస్కూలు పోటీల్లో పెద్ద పిల్లలను దాటి నేను మొదట వచ్చానని డ్రిల్లు అయ్యవారు ఇంటికొచ్చి చెప్పాడు. నాయన నా ముఖం చూడలేదు. వంగి నా మడమ పట్టుకుని, పిక్క నొక్కి, సంతలో చూసినట్టే చూశాడు.

మరునాటి నుంచి ఉలవలు నాకు ఉడికాయి. చీకటితోనే నంద్యాల రోడ్డు మీద నేను ముందు, మోపెడ్ మీద ఆయన వెనక, ఆయన చేతిలో చెర్నకోల. ఎప్పుడూ కొట్టలేదని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. పరుగు మధ్యలో నీళ్లు తాగితే ఒళ్లు బరువెక్కుతుందని మండువేసవిలో కూడా చుక్క తాగనిచ్చేవాడు కాదు. అమ్మ చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉండేది, ఆయన కనుసైగ చేసేదాకా ఆ చెంబు నా చేతికి వచ్చేది కాదు. గెలిచిన రోజున మాత్రం నన్ను మోపెడ్ ఎక్కించుకుని, ఎదురైన ప్రతి మనిషి దగ్గరా ఆపి, నా బిడ్డ అని చెప్పుకుంటూ ఊరంతా తిప్పేవాడు. ఆ ఒక్క తిప్పుడు కోసం నేను చావడానికైనా సిద్ధంగా ఉండేదాన్ని.

అలా జిల్లా దాటాను, రాష్ట్రం దాటాను, జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చాను. పదివేల మీటర్లు ట్రాక్ మీద పరుగెత్తడమంటే గానుగ తిరగడమే, చూసేవాళ్లకు విసుగు, తిరిగేవాళ్లకు నరకం. వేగంలో నన్ను మించినవాళ్లు చాలామంది ఉండేవాళ్లు కానీ బాధ ఓర్చుకోవడంలో ఒక్కరూ లేరు. అది నా గొప్ప కాదు, నన్ను తయారుచేసిన చెయ్యి అలాంటిది. చివరకు జాతీయ శిబిరంలో చోటు దొరికింది. అక్కడి నుంచి ఇంకొక్క పందెంలో మొదటి ఇద్దరిలో ఉంటే దేశం జట్టులో పేరు పడుతుంది. సరిగ్గా అప్పుడే నా ఎడమకాలి ఎముకలో నొప్పి మొదలైంది. శిబిరంలో కోచ్ నా నడక చూసి, నాలుగు రోజులు సెలవిచ్చి, ఊరికి పోగానే ఎక్స్‌రే తీయించుకోమని మరీమరీ చెప్పాడు.

ఆ మాటే నాయనతో చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఎద్దు కుంటితే ఫోటో తీపిచ్చినామా యాడన్నా?"

నాయన తల్లిని మేము జేజి అనేవాళ్లం. ఆమె నా కాలు తడిమి, నరం పట్టేసిందని తేల్చేసింది. మా ఇంట్లో దానికి మందు తయారుగానే ఉంది. నా చెల్లెలు ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లు తొక్కితే ఎంతటి పట్టయినా విడుస్తుందని మా వైపు నమ్మకం. నడుములు పట్టేసిన ముసలివాళ్లంతా దాని కోసమే మా ఇంటికి వచ్చేవాళ్లు. నన్ను అరుగు మీద పడుకోబెట్టి, జేజి నా భుజాలు పట్టుకుంది. చెల్లెలు భయపడి వెనక్కి తగ్గింది. నాయన దాని రెక్క పట్టి ముందుకు నెట్టాడు.

"బాగ తొక్కు పాపా. అది అరిసినా ఇడ్సొద్దు."

మూడు పూటలు తొక్కించారు. అరవకూడదని నేను పైట నోట్లో కుక్కుకున్నాను. నొప్పి తగ్గిందా అని అడిగితే తగ్గిందనే చెప్పాను. ఆ ఇంట్లో దానికి వేరే జవాబు లేదు.

పందెం రోజున కోచ్ అడిగితే నొప్పి తగ్గిపోయిందని చెప్పి, కాలికి గుడ్డ బిగించి దిగాను. చివరి చుట్టు గంట మోగేసరికి నేనే ముందున్నాను. ఆఖరి మలుపుకు కాస్త ముందు, ఎండు కంపను కాలితో విరిచినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు నా లోపలిదని పడ్డాక గానీ తెలియలేదు. తల ఎత్తితే కంచె అవతల నాయన.

"లెయ్. ఇంగ ఒగ మలుపే ఉండేది. లెయ్."

లేచాను, నమ్మండి. విరిగిన కాలి మీద లేచాను. ఒక్క అడుగు వేసి మళ్లీ పడ్డాను. వెనకవాళ్లంతా నన్ను దాటిపోయారు.

కట్టుతో రైల్లో నంద్యాలకు తెచ్చారు. అక్కడి డాక్టరు ఫోటో చూసి, ఎముకలో ముందే చీలిక ఉండాలి, ఎవరికీ చూపించలేదా అని అడిగాడు. జేజి దిష్టి తగిలిందన్నది. నాయన ఒక్కటే అడిగాడు, మళ్ల ఉరుకుతాదా సార్ అని. నడవగలిగితే చాలనుకోండి అన్నాడాయన. నాయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. మళ్లీ ఆసుపత్రికి రాలేదు.

ఇంటికి తెచ్చి నన్ను వరండాలో మంచం మీద పడుకోబెట్టిన మరునాడు, ఇంకా తెలవారకముందే మోపెడ్ చప్పుడైంది. దాని ముందర అడుగుల చప్పుడు, కొత్త అడుగులు, ఇంకా లయ కుదరనివి. చెల్లెలిని దించాడు రోడ్డు మీదికి. తాను తొక్కినందుకే నా ఎముక విరిగిందని ఆ పిచ్చిది నమ్మింది, నేను ఎంత చెప్పినా వినలేదు, అందుకని కిక్కురుమనకుండా పరుగెత్తింది. నాకు దాని మీద జాలి కలగాలి. కలగలేదు. అడుగు పొడుగ్గా వెయ్యమని ఆయన దాన్ని గదమాయిస్తుంటే, ఆ గదమాయింపు నాది కదా, నన్ను వదిలి దాని వెనక పోతున్నాడే అని దిండు కొరుక్కుంటూ ఏడ్చాను.

చెల్లెలి కాళ్లకు అంత శక్తి లేదు, రెండేళ్లకే ఆయనకు విసుగొచ్చింది. ఇప్పుడు నాయనా లేడు, జేజీ లేదు. మేము పరుగెత్తిన రోడ్డు మీద లారీలు తప్ప మనిషి నడిచే జాగా లేదు. ఇప్పటి తండ్రులు నొప్పెడుతోందా అని పిల్లలను అడుగుతున్నారు, అలా అడగవచ్చని మా కాలంలో ఎవరికీ తోచలేదు. మారడం మంచిదే, ఆ రోజులు పగవాడి బిడ్డకు కూడా వద్దు. కానీ నాయన ఇంకో ఇరవై ఏళ్లు అదే ఇంట్లో బతికాడు. నేను ఆ వరండాలోనే కుంటుకుంటూ తిరిగాను, ఆయనకు అన్నం పెట్టాను, నీళ్లు తోడాను. ఆయన మళ్లీ నన్ను తలెత్తి చూడలేదు.