రంగు దిగిన పెళ్లికొడుకు

మాచర్ల బజారులో, పట్టపగలు, రెండు కుటుంబాలు కళ్లప్పగించి చూస్తుండగా, ఒక పెళ్లికొడుకు ప్యాంటును నేను ఎర్రగా మార్చేశాను. అతన్ని ముట్టుకోలేదు. ఆ మాటకొస్తే ఆ సమయానికి అతను మాచర్లలోనే లేడు. అయినా ప్యాంటు ఎర్రబడింది, పెళ్లి ఊగిసలాడింది, ఒక మంచి మనిషి దుకాణం మూతపడబోయింది. ఇదంతా చేయడానికి నాకు కావలసి వచ్చినవి ఒక కంప్యూటర్, ఒక టీవీ, నా తెలివి మీద నాకున్న అపారమైన నమ్మకం. మొదటి రెండూ అరువువి. మూడోది మాత్రం సొంతం.

అవి ఎనభైల చివరి రోజులు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో కూర్చున్నాను. హైదరాబాదులో ఉండే మా బాబాయి తన చిన్న కంప్యూటర్‌ను కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చాడు. ఇప్పటి కంప్యూటర్లను ఊహించుకోకండి. అది ఒట్టి కీబోర్డు. తెర ఉండదు, ఇంట్లో టీవీకి తగిలించుకోవాలి. ప్రోగ్రాం దాచుకోవాలంటే టేపురికార్డరు కావాలి. క్యాసెట్ తిప్పితే పిల్లి తోక మీద కాలేసినట్టు కీచుమనేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా మా అమ్మ పాలు విరుగుతాయని గిన్నె మీద మూత పెట్టేది.

దానితో నేను బొమ్మలు వేసేవాణ్ని. గళ్ల కాగితం మీద మనిషిని గీసి, ఏ గడి నిండాలో ఏది ఖాళీగా ఉండాలో చూసుకుని అంకెలుగా ఎక్కిస్తే, టీవీలో మనిషి ప్రత్యక్షమయ్యేవాడు. ఇటుకలతో కట్టినట్టుండేవాడు కానీ మనిషే. అతనికి మూడు జతల బట్టలు కుదిర్చాను. ఒకటి నొక్కితే లుంగీ, బనీను, భుజాన తువ్వాలు. రెండు నొక్కితే పెళ్లి సూటు. మూడు నొక్కితే అంతరిక్షంలోకి వెళ్లేవాడి దుస్తులు: నెత్తిన గాజు కుండ, వీపున గాలి డబ్బా. నా ప్రాణమంతా మూడోదాని మీదే. లుంగీ రోజూ చూసేదేగా, దాన్ని కంప్యూటర్‌లో చూడటం దేనికని నా వాదన.

మా వీధి చివర మస్తాన్ మామ గుడ్డల దుకాణం ఉండేది. ముందు గుడ్డలు, వెనక కుట్టు మిషన్లు. చుట్టరికం లేదు కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన మామే, ఆయనకు నేను అల్లుణ్నే. నా మొదటి నిక్కరు ఆయన కుట్టిందే. ఆ ఏడు ఆయన దుకాణానికి సరిగ్గా ఎదురుగా రెడీమేడ్ షాపు ఒకటి పడింది. దాని వాకిట్లో గులాబీ రంగు ప్లాస్టిక్ బొమ్మ కోటు వేసుకుని నవ్వుతూ నిలబడేది. జనం ఆ నవ్వుకు పడిపోయారు.

ఒకరోజు మామ మా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"అల్లుడూ, ఆ బొమ్మకి ప్రాణం లేదు, బేరం ఉంది. నాకు ప్రాణం ఉంది, బేరం లేదు."

"ఏమైంది మామా?"

"దుర్గి నుంచి కోటయ్య వస్తన్నాడు. కూతురి పెళ్లి. రెండు వైపులా బట్టలు మొత్తం ఒక్కచోటే తీసుకుంటారంట. ఆ బేరం గూడా ఎదురు కొట్టుకి పోయిందా, నేను మిషన్లు అమ్ముకుని ఇంట్లో కూకోవాల్సిందే."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది.

"నీకు కదిలే బొమ్మ పెడతా మామా. వాళ్లది ఉత్తగా నవ్వుద్ది. మనది నడుస్తది, బట్టలు మార్చుకుంటది."

"బజార్లో బట్టలు మార్చుకుంటదా? మరి పరదా కట్టాలా?"

"టీవీలో మామా!"

"టీవీలో అయినా సరే అల్లుడూ, ఆడోళ్లు వస్తారు."

పరదా అవసరం లేదని నమ్మించి, పనిలోకి దిగాను. నా సూటు మనిషికి ఒక పెళ్లికూతుర్ని గీశాను. అతను ఎడమవైపు నుంచి వస్తాడు, ఆమె కుడివైపు నుంచి వస్తుంది, మధ్యలో పక్కపక్కన నిలబడతారు. అతని సూటుకు నీలం, ఆమె చీరకు ఎరుపు. ఆ కంప్యూటర్‌లో రంగుకో అంకె ఉంటుంది. నీలానికి ఒకటి, ఎరుపుకు రెండు అని కొట్టాను. తర్వాత నా పద్ధతి ప్రకారం పరీక్షలు పెట్టాను. నడక బాగుంది. కుచ్చిళ్లు బాగున్నాయి. పక్కపక్కన నిలబడటం ముచ్చటగా ఉంది. అన్నీ చూశాను, ఒక్కటి తప్ప. అదేమిటో నాకు అప్పుడు తట్టకపోయినా మీకు ఇప్పుడే చెప్పేస్తాను. మా ఇంట్లోది బ్లాక్ అండ్ వైట్ టీవీ.

మస్తాన్ మామ మాత్రం తక్కువ తినలేదు. విజయపురి సౌత్‌లో ఉండే బావమరిది ఇంటి నుంచి రంగుల టీవీని దుప్పట్లో చుట్టి, బస్సులో పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికీ టికెట్ తీసి తెచ్చాడు. అది దిగడమూ, కోటయ్య వాళ్లు దిగడమూ ఒకేసారి. పరీక్షకు వ్యవధి ఏదీ?

కోటయ్య మిరప రైతు. మెత్తని మనిషి. అతనితో పాటు గురజాల నుంచి పెళ్లికొడుకు తల్లి సీతారావమ్మ వచ్చింది. ఆమె మెత్తన కాదు. దుకాణంలోకి అడుగుపెడుతూనే ఒక తానును రెండు వేళ్లతో నలిపి, "ఊఁ" అంది. ఆ "ఊఁ"కు మామ నుదురు చెమర్చింది.

క్యాసెట్ కీచుమని ఆగాక ఒకటి నొక్కాను. లుంగీ మనిషి వచ్చాడు.

"ఓర్నీ! అచ్చం నేనే!" అన్నాడు కోటయ్య. "తువ్వాలు గూడా ఎడం భుజానే ఉందే!"

రెండు నొక్కాను. సూటు వచ్చింది. రంగుల టీవీలో ఆ నీలం చూసి నాకే గర్వంతో ఛాతీ ఉప్పొంగింది.

"మావాడు ఇంత లావు లేడు," అంది సీతారావమ్మ.

"గళ్లు అట్టా వచ్చినయ్యండీ."

"ముక్కేదీ?"

"ముక్కుకి చోటు చాల్లేదండీ."

అంతలో కుడివైపు నుంచి ఎర్రచీరలో పెళ్లికూతురు బయల్దేరింది. కోటయ్య కళ్లు తుడుచుకుని, "అచ్చం మా లక్ష్మి నడకే," అన్నాడు. ఆమె వచ్చి అతని పక్కన నిలబడింది. అతని కోటు చేయి ఎర్రబడింది. ఇంకొంచెం దగ్గరకు జరిగింది. ప్యాంటు మొత్తం ఎర్రబడింది.

జరిగిందేమిటంటే, ఆ కంప్యూటర్ తెరను చిన్న చిన్న గదులుగా చూస్తుంది. ఒక గదిలో బొమ్మకు ఒక రంగే, దాని వెనకకు ఇంకోటి. కొత్త రంగు లోపల కాలు పెడితే పాతది దాని ముందు తలవంచి తానూ ఆ రంగే అయిపోతుంది. మా ఇంటి టీవీలో నీలమూ బూడిదే, ఎరుపూ బూడిదే కాబట్టి ఈ ఘోరం నా కంటపడలేదు. ఇదంతా నాకు అప్పుడు వెలిగింది. గుడ్డల కొట్లో కూర్చున్న వాళ్లకు తెలిసింది వేరే.

"ఏమయ్యా మస్తానూ," అంది సీతారావమ్మ తాపీగా, "నీ చీర రంగు దిగుద్దా?"

"అమ్మమ్మా! నా కొట్లో రంగు దిగే గుడ్డా? అది బొమ్మమ్మా!"

"బొమ్మలోనే అంత దిగితే ఒంటి మీద ఎంత దిగుద్ది?"

మామ బకెట్‌తో నీళ్లు తెప్పించి, ఎర్రచీర కొంగునూ తన భుజం మీది తెల్ల తువ్వాలునూ కలిపి ముంచి, పిసికి, పిండి, దులిపి చూపించాడు. తువ్వాలు మల్లెపూవులా ఉంది.

"చూడండి! చుక్క దిగిందా? నా ఇజ్జత్ ఇదీ!"

"బకెట్ నీది. నీళ్లు నీయి. టీవీ ఎవరిది?"

"మా బావమరిదిది."

"అదీ సంగతి. బయటోళ్లది గనక నిజం చెప్పింది."

అయినా డిప్లొమా ఊరికే ఇవ్వరు గదా! ఇద్దరూ ఒకే గదిలోకి రాకపోతే గొడవ ఉండదని, గబగబా మధ్యలో ఎడం పెట్టి మళ్లీ నడిపించాను. నీలం నీలంగా, ఎరుపు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరి మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత సందు ఉంది.

సీతారావమ్మ తలతిప్పి, "ఏం కోటయ్యన్నా, మీ పిల్లకి మావాడి పక్కన నిలబడటం ఇష్టం లేదా?" అంది.

"మా పిల్లేం చేసిందమ్మా? మీవాడే పక్కకి జరిగాడు, నేను చూశా!"

"మావాడు జరిగాడా? కట్నం అక్కర్లేదని చెప్పిన పిల్లోడయ్యా వాడు! వాడెందుకు జరుగుతాడు?"

ఎవరు జరిగారన్న దాని మీద మాటా మాటా పెరిగింది. నేను మళ్లీ కీబోర్డు మీద పడ్డాను. ఇద్దరికీ ఒకే రంగు ఇస్తే కలిసినా తెలియదు. ఏ రంగు? శుభ్రంగా కనిపించేది తెలుపు. అంకె కొట్టాను. తెర మీదికి తెల్లచీరలో పెళ్లికూతురు నడిచి వచ్చింది.

కోటయ్య గుండె మీద చెయ్యి వేసుకుని తానుల మీద కూలబడ్డాడు. "నా బిడ్డకి తెల్లచీర కట్టించావేందిరా!"

"చర్చి పెళ్లిళ్లలో తెల్లచీరే కడతారు గదా బాబాయ్..." అన్నాను కోటయ్యతో.

"మాది చర్చి పెళ్లా?" అని సీతారావమ్మ అరిచింది. "నా కొడుకు బతికుండగానే! తియ్యి! ముందు దాన్ని తియ్యి!"

తియ్యబోయి, తొందరలో మూడు నొక్కాను. పెళ్లికొడుకు నెత్తిన గాజు కుండతో, వీపున డబ్బాతో ప్రత్యక్షమయ్యాడు. అంతరిక్ష దుస్తుల్ని పల్నాడు మొదటిసారి చూసింది.

"ఈడెవడు?" అన్నాడు కోటయ్య. "పత్తికి మందుకొట్టేవోడు పెళ్లిలోకి ఎందుకొచ్చాడు?"

"డిగ్రీ చదివిన పిల్లోడి వీపున మందు డబ్బా కడతారా?" అని లేచింది సీతారావమ్మ. "పదన్నా, ఎదురు కొట్లో బొమ్మ శుభ్రంగా నవ్వుతా నిలబడి ఉంది. దాని ప్యాంటు దాని రంగులోనే ఉంది."

ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టింది. మస్తాన్ మామ నా వైపు చూశాడు. తిట్టలేదు. తన మిషన్ మీద చెయ్యి వేసి నిమిరాడంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఒకే రంగు అన్న ఆలోచన తప్పు కాదు. తెలుపు తప్పు. నలుపు ఇంకా తప్పు. పెళ్లికూతురికి పనికొచ్చే రంగు నా దగ్గర ఒక్కటే ఉంది. కళ్లు మూసుకుని ఇద్దరికీ రంగు అంకె రెండే కొట్టాను.

ఎర్రచీర కుడివైపు నుంచి వచ్చింది. ఎడమవైపు నుంచి మెడ దగ్గర్నుంచి మడమల దాకా ఎర్రటి సూటు వచ్చింది. పక్కపక్కన నిలబడ్డారు. ఎవరి రంగూ మారలేదు.

గడప దాటబోతున్న సీతారావమ్మ ఆగింది.

"ఇంకోసారి నడిపించు."

నడిపించాను.

"దగ్గరికి జరుపు. ఇంకా. ఊఁ." చెప్పులు వదిలి వెనక్కి వచ్చింది. "దిగలా."

"దిగినా కనపడదు," అన్నాడు కోటయ్య.

"ఇదే కుట్టు మస్తానూ."

"అమ్మా... మగపిల్లోడికి ఎర్ర సూటా?" మామ గొంతు పీలగా వచ్చింది.

"టీవీలో ఎట్టా ఉందో అట్టాగే. భుజాలు గూడా అట్టా నలుచదరంగా రావాల. మిగతా బట్టలన్నీ ఇక్కడే చూపించు."

ఆ రోజు సాయంత్రం దాకా తానులు దిగుతూనే ఉన్నాయి. మామ నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు.

పెళ్లికి నేనూ వెళ్లాను. భుజాల్లో అట్టలు పెట్టి కుట్టిన ఆ సూటులో పెళ్లికొడుకు పందిట్లోకి పక్కవాటుగా రావలసి వచ్చింది. తపాలా డబ్బాకు బాసికం కట్టినట్టున్నాడు. తలంబ్రాల మధ్యలో కూడా అతని చూపు నా మీదనే ఉంది. కానీ సీతారావమ్మ వచ్చిన వాళ్లందరికీ, "కంప్యూటర్ చెప్పిన సూటు," అని చెప్పింది. ఇంకేముంది! ఆ సీజన్‌లో మామ దుకాణం ముందు ఎర్ర సూట్లకు వరస కట్టారు. చివరికి ఎదురు కొట్టులోని ప్లాస్టిక్ బొమ్మకు కూడా ఎర్రకోటు తొడిగారు. అది మాత్రం అలాగే నవ్వింది.

కొన్నేళ్లకు నా పెళ్లి కుదిరింది. మస్తాన్ మామ ఒక పొట్లం పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీ దయవల్ల దుకాణం నిలబడింది అల్లుడూ. కొలతలు తీయకుండా కుట్టా. టీవీలో చూసినయ్యి గుర్తున్నయ్యిగా."

విప్పి చూశాను. విప్పకముందే తెలుసనుకోండి. ఆ ముఖంలోని సంతోషం చూశాక కాదనగల మనిషి ఎవరు? తొడుక్కున్నాను. నా భార్య పీటల మీద నాతో మాట్లాడిన మొదటి మాట, "ఇదేందండీ?"

ఫోటోగ్రాఫరును పక్కకు పిలిచి, రంగుల రీలు వద్దని బతిమాలాను. ఆ ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. అందులో నేను హుందాగా, బూడిద రంగు సూటులో, ఏ లోపమూ లేని పెద్దమనిషిలా ఉంటాను. బ్లాక్ అండ్ వైట్‌లో నేను ఎన్నడూ పొరపాటు చేయలేదు.

కాబట్టి, ఆ ఫోటో మీద చెయ్యి వేసి, మస్తాన్ మామ తెల్ల తువ్వాలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తెర మీద నేను ఏ మనిషిని గీసినా అతనికి లుంగీయే కడతాను, తువ్వాలు ఎడం భుజానే వేస్తాను, పెళ్లి మాత్రం చేయను.