ఆకు రాని వారంలో తీసిన కొలత

కోరుట్లలో బస్సు దిగేసరికే చంద్రమౌళికి నడుము పట్టేసింది. యాభై మూడేళ్ళ మనిషి. ఇల్లు సిరిసిల్లలో, కొత్త పని జగిత్యాలలో, గొడవ కోరుట్లలో. వారంలో నాలుగు రోజులు బస్సు కిటికీకి తల ఆనించుకునే గడిచిపోతున్నాయి. రుద్రంగి ఎప్పుడు దాటిందో, చందుర్తి ఎప్పుడు దాటిందో ఆయనకే తెలియదు.

ఆయన చేసే పనేమిటో సొంత బావమరిదికి కూడా సరిగ్గా తెలియదు. మోటర్లు బిగిస్తాడనుకుంటారు. బిగించేవాళ్ళు వేరే. ఎక్కడ నీళ్ళు ఎటూ పోలేక నిలబడతాయో అక్కడికి ఈయన వెళ్తాడు. వాన ఎంత పడుతుంది, మురుగు మోరీల్లో ఎంత పారుతుంది, ఎంత ఎత్తుకు ఎక్కిస్తే కాలువలో పడుతుంది, అన్నీ చూస్తాడు. ఆ చోటుకు తగిన బావి, చెత్తను ఆపే జాలీ, మోటరు, పైపు కాగితం మీద గీసి ఇస్తాడు. మస్కట్‌లో పన్నెండేళ్ళు ఉండి నేర్చుకొచ్చిన విద్య ఇది.

కోరుట్ల పల్లపు వాడకు గీసిచ్చిన పంపుహౌసు మొదలై పదిహేను రోజులే అయింది. మొన్న మొదటి గట్టి వాన పడింది. వింత చూడండి, మోటర్లున్న బావి అడుగంటే ఉంది, ఇళ్ళు మాత్రం నిండాయి. మోరీ నీళ్ళు బావిలోకి పోకుండా వెనక్కి తన్నాయి.

అన్నిటికన్నా పల్లంలో ఉన్నది లింగవ్వ ఇల్లు. ఇటుకల మీద ఎత్తిన మంచంలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని ఆమె బీడీలు చుడుతోంది. గోడ మీద తడి గీత మంచం కోడు దాటి పైకి ఉంది. బియ్యం సంచి ఎండలో ఆరబోసి ఉంది.

"గా మిషను పెట్టిచ్చిన సారువు నువ్వేనా?"

"నేనే అవ్వా. గీసిచ్చింది నేనే."

"మంచిగ గీసినవ్ కొడుకా. ఎన్కట మోకాళ్ళ దాకనే అచ్చేటివి నీళ్ళు. ఇప్పుడు నా పొయ్యికి సుత ఈత నేర్పినవ్."

చంద్రమౌళి పంపుహౌసు వైపు నడిచాడు.

మోటర్లు చూసుకునే ఆగయ్య బావి మూత లేపాడు. చంద్రమౌళి నిచ్చెన దిగి, జాలీ మీద చెయ్యి పెట్టి గోరుతో గీరాడు. రొట్టె పెనం మీంచి లేచినట్టు ముదురాకుపచ్చ పొర ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది. అంతా తునికాకే. బీడీకి కావలసిన ముక్క కత్తిరించుకున్నాక మిగిలే అంచులు, ఈనెలు. ఇనుప కడ్డీల మీద అవి పేడ అలికినట్టు అంటుకుపోయి ఉన్నాయి. చీమ దూరే సందు లేదు, ఇక నీళ్ళు ఎట్లా దూరతాయి?

కడ్డీలను అంత దగ్గరగా పెట్టించింది ఆయనే. సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పుట్టినవాడు. అక్కడి మోరీల్లో దారం పోగులు కొట్టుకొచ్చి మోటరు ఇరుసుకు చుట్టుకుంటే ఏమవుతుందో చూశాడు. ఆయన మొదటి పంపుహౌసు అట్లాగే చచ్చింది. అప్పటినుంచి దారమంటే ఆయనకు పాముకన్నా భయం. ఏ ఊరికి గీసినా జాలీ సందు చిన్నదే. ఈ వాడలో చూస్తే ఒక్క సాంచా లేదు.

పైకి వచ్చి లింగవ్వ గడపలో కూలబడ్డాడు.

"అవ్వా, నేను నక్షా గీసేముందు హనుమాన్ జయంతి వారంల వచ్చి ఏడు రోజులు మోరీలు చూసిన. ఒక్క ఆకు ముక్క కనవడలే."

"గా వారమా? గా వారం బీడీల టేకేదారు ఆకే ఇయ్యలే. కార్ఖానల మాలు లేదని మమ్ముల ఉత్తగ కూసోవెట్టిండు. మా చేతుల ఆకు లేనిది మోరిలకు ఏడికెళ్ళి అస్తది? మేము ఉపాసమున్న వారం అచ్చి మా కడుపు కొలుసుకపోయినవ్. నన్నొక్క మాట అడిగితే చెప్పకపోదునా?"

అడగలేదు. నీళ్ళ లోతు కొలిచాడు, ఫోటోలు తీశాడు, మనుషుల్ని మాత్రం ఒక్క మాట అడగలేదు.

ఇంతలో పని పట్టిన కాంట్రాక్టరు బాలకిషన్ బండి మీద వచ్చాడు. చంద్రమౌళి చేతిలోని ఆకు పొర చూడగానే ఆయన మొహం విప్పారింది.

"ఇంకేందన్నా, దొరికె కద. వాడోళ్ళు చెత్త పోసుట్ల ఆగిందని ఒక్క ముక్క రాసి దస్తకత్ పెట్టు. నీ మీదికి రాదు, నా మీదికి రాదు."

"మరి జాలీ?"

"జాలీ ఏడికి పోతది, గాడనే ఉంటది."

"రేపు మల్ల వాన పడితే?"

"పడితే వాళ్ళకే బుద్ధస్తది."

లింగవ్వ చుడుతున్న బీడీ ఆపి ఇద్దరినీ చూసింది. "మాకు బుద్ధి రావట్టి అరవై ఏండ్లాయె. నీళ్ళు పోవుడే రాలే."

చంద్రమౌళి మోకాళ్ళు సలుపుతున్నాయి. ఆ ఒక్క ముక్క రాస్తే రెండు గంటల బస్సు దొరుకుతుంది, ఇంటికి పోయి నడుం వాల్చవచ్చు. తప్పు నాదంటే జాలీ పీకాలి, మోటరు మార్చాలి, మళ్ళీ గీయాలి, మళ్ళీ ఈ బస్సులే. జగిత్యాలలో ఆయన గీసిన కాగితాలు ఇంకా పై అధికారుల బల్ల మీదే ఉన్నాయి. ఈ మాట అక్కడికి చేరితే వాటినీ అనుమానంగానే చూస్తారు. ఇవన్నీ అనుకుంటుంటే చూపు గోడ మీది తడి గీత మీదికే పోతోంది.

జేబులోంచి కాగితం తీసి తొడ మీదే పెట్టుకుని రాశాడు: "జాలీ సందు ఈ వాడ నీళ్ళకు తగదు. తప్పు నక్షాది. నక్షా నాది."

బాలకిషన్ కాగితం చదివాడు. "నీకు పని చేసుడు చాతనైంది గని బతుకుడు చాతకాలేదన్నా" అని బండి తిప్పుకుని పోయాడు.

ఈసారి చంద్రమౌళి ముందు అడిగాడు. ఎన్ని ఇళ్ళల్లో బీడీలు చేస్తారని అడిగితే, "ఎన్ని ఇండ్లల్ల చెయ్యరో గది అడుగు" అంది లింగవ్వ. పచ్చి తుక్కు పొయ్యిలో మండదనీ, స్నానాల నీళ్ళతో మోరీలోకే పోతుందనీ చెప్పింది. ఆకు పంచిన రోజున ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోరీ పక్కన నిలబడి, వచ్చిన తుక్కునంతా బకెట్లకెత్తి తూకం వేశాడు. ఆ వాసన నాలుగు స్నానాలకూ వదల్లేదని భార్య పద్మజ చెబుతుంది.

కొత్త జాలీ సందులు నాలుగు వేళ్ళు పట్టేంతవి. దాని ముందు గొలుసుతో పైకి లాగే ఇనుప గంప ఒకటి, ఆకును ముందే పట్టుకోవడానికి. లోపల చిన్న ముక్కల్ని మింగేసి అవతల కక్కే పెద్ద నోటి మోటరు. అంతా బిగించేసరికి నెల దగ్గర పడింది. మధ్యలో రెండు చిన్న వానలు పడి పోయాయి. రెండుసార్లూ లింగవ్వ పొయ్యి మంచమెక్కింది.

పెద్ద వాన పడిన రోజు చంద్రమౌళి ఆమె గడపలోనే నిలబడ్డాడు. మోరీ నిండింది. నీళ్ళు కింది మెట్టెక్కాయి, పై మెట్టును తాకాయి. మోటర్ల రొద వినిపిస్తూనే ఉంది. నీళ్ళు అక్కడే కాసేపు ఊగిసలాడి, మెల్లగా కింది మెట్టుకు దిగాయి.

"నీళ్ళు ఆగినయా?" లోపలినుంచి అడిగింది లింగవ్వ.

"ఆగినయ్ అవ్వా."

"మల్ల రావు కద?"

"గంప రోజూ ఎత్తి దులపాలె. దులపకుంటే మల్ల అస్తయ్."

"ఎవలు ఎత్తుతరు?"

"ఆగయ్య."

"ఆగయ్య ఊరికి పోతె?"

ఆయన తడి మెట్టు మీద కూర్చుండిపోయాడు. అంత పంపుహౌసు గీశాడు గానీ ఆగయ్య ఊరికి పోయే సంగతి ఎక్కడా గీయలేదు.

లింగవ్వ చాట పక్కన పెట్టి, కొంగు నడుముకు బిగించింది. "లే. గా గొలుసేందో చూపియ్యి. నాకు చేతులు లెవ్వా?"

వాన తగ్గాక పంపుహౌసు దగ్గర ఆమె గొలుసు పట్టుకుంది. నాలుగు లాగులు లాగింది, ఊపిరి తీసుకుంది, మళ్ళీ నాలుగు లాగింది. గంప సగం లేచి అక్కడే వేలాడింది. చంద్రమౌళి చెయ్యి వెయ్యలేదు. పక్కనే నిలబడి, ఎన్ని లాగులకు ఆమె ఆగిపోతోందో చూస్తూ, గొలుసు తిరిగే చక్రం ఇంకెంత పెద్దదైతే ఆమె బలం సరిపోతుందో తడిసిన కాగితం మీద రాసుకుంటున్నాడు. సిరిసిల్ల బస్సు అప్పటికే వెళ్ళిపోయింది.